గొర్రెల ఫామ్‌లో పని అప్పజెప్పడం: ‘నువ్వే చూసుకో భాయ్’ అంటే సరిపోదు

రాత్రి పదకొండు గంటలు అయింది అనుకోండి. ఊరికి రెండు కిలోమీటర్ల దూరంలో మీ షెడ్డు. ఒక మేక ఈనడానికి ముక్కుతోంది, పిల్ల బయటికి రావట్లేదు. కాపరి మీకు ఫోన్ చేశాడు. మీరు హైదరాబాద్‌లో ఒక వలీమా దావత్‌లో ఉన్నారు, ఫోన్ వినబడలేదు. అతను ఇంకోసారి చేశాడు. తర్వాత కూర్చుని ఎదురుచూశాడు. డాక్టర్‌ను పిలిస్తే డబ్బు ఎవరిస్తారు? తనే చేయి పెట్టి తీస్తే, ఏమైనా అయితే మాట ఎవరు పడతారు? తెల్లారేసరికి తల్లి, పిల్ల రెండూ పోయాయి. పొద్దున్నే మీరు అడిగే మొదటి మాట, "రాత్రంతా ఏం చేస్తున్నావ్?"

అతను మీ కోసం ఎదురుచూస్తున్నాడు. అంతే. మీరు అతనికి పని ఇచ్చారు కానీ నిర్ణయం ఇవ్వలేదు. గొర్రెల, మేకల పెంపకంలోకి కొత్తగా దిగుతున్న మన కుటుంబాల్లో చాలా నష్టాలు ఇక్కడే మొదలవుతాయి. మేత తక్కువైందనో, జాతి మంచిది కాదనో మనం అనుకుంటాం. చాలాసార్లు అసలు లోటు ఏమిటంటే, ఫామ్ మొత్తం ఒకే మనిషి తలకాయలో ఉండటం.

2019 పశుగణన ప్రకారం గొర్రెల సంఖ్యలో తెలంగాణ దేశంలోనే మొదటి స్థానం, సుమారు 1 కోటి 91 లక్షలు. రెండో స్థానం ఆంధ్రప్రదేశ్‌ది, సుమారు 1 కోటి 76 లక్షలు. ఈ జీవాల్లో ఎక్కువ భాగం తరతరాలుగా గొల్ల, కురుమ కుటుంబాల చేతిలోనే ఉన్నాయి. మనవాళ్ళు ఎక్కువగా కొనే వైపు, కోసే వైపు, అమ్మే వైపు ఉంటారు. ఇప్పుడు దుబాయ్ నుంచో, రియాద్ నుంచో తిరిగొచ్చినవాళ్ళు, మటన్ షాపు ఉన్నవాళ్ళు, రిటైరైన ఉద్యోగులు నాలుగు ఎకరాలు కౌలుకు తీసుకుని యాభై, వంద జీవాలతో ఫామ్ పెడుతున్నారు. ఇరవై జీవాల వరకు ఇంటి మనుషులే చూసుకోగలరు. యాభై దాటాక ఎవరో ఒకరికి అప్పజెప్పక తప్పదు. అప్పజెప్పడం మాత్రం ఎవరూ నేర్పరు.

టెక్సాస్ కథ ఒకటి

పని అప్పజెప్పడం గురించి చెప్పాలంటే అమెరికాలోని పెద్ద పశువుల రాంచ్‌లను చూడాలి. అక్కడ భూమి ఎంత పెద్దదంటే, యజమాని గుర్రమెక్కి ఒక రోజంతా తిరిగినా తన పశువులన్నిటినీ చూడలేడు. కాబట్టి ఇష్టం ఉన్నా లేకపోయినా ఇంకొకరిని నమ్మాల్సిందే. కొన్ని రాంచ్‌లలో సరిహద్దు దగ్గర చిన్న గుడిసె వేసి, చలికాలమంతా ఒకరిద్దరు పనివాళ్ళను అక్కడే ఉంచేవారు. మంచు తుఫానులో ఆవులను ఎటు తోలాలో అడగడానికి వాళ్ళ దగ్గర ఫోనూ లేదు, యజమానీ లేడు. నిర్ణయం వాళ్ళదే.

టెక్సాస్‌లోని కింగ్ రాంచ్ పేరు చాలామంది విని ఉంటారు. ఇప్పటికీ అది సుమారు 8 లక్షల 25 వేల ఎకరాలు. దాన్ని 1853లో మొదలుపెట్టిన రిచర్డ్ కింగ్ అసలు పశువుల మనిషి కాదు, నదిలో స్టీమ్‌బోటు నడిపే కెప్టెన్. 1854లో మెక్సికోలోని క్రుయాస్ అనే ఊళ్ళో కరువు వస్తే, అక్కడివాళ్ళ పశువులను కొన్నాడు. కొన్నాక అతనికి తట్టిందట, పశువులు లేకుండా ఈ జనం ఎలా బతుకుతారు, ఈ జనం లేకుండా ఈ పశువులను తను ఎలా చూసుకుంటాడు అని. వెనక్కి వెళ్ళి, మీరూ రండి, ఇల్లు ఇస్తాను, పని ఇస్తాను అన్నాడు. ఊరి జనం చాలావరకు తరలివచ్చారు. వాళ్ళను కినేన్యోస్ అంటారు, అంటే కింగ్ మనుషులు. వాళ్ళ పిల్లలు, మనవలు తరతరాలుగా అక్కడే పనిచేశారు. పశువులు తోలే ఒక్కో బృందానికి వాళ్ళలోనే ఒక పెద్ద ఉండేవాడు, కపొరాల్ అంటారు. మైదానంలో కపొరాల్ మాటే మాట.

1885లో కింగ్ చనిపోయాక భార్య హెన్రియెట్టాకు రాంచ్‌తో పాటు సుమారు 5 లక్షల డాలర్ల అప్పు కూడా వచ్చింది. ఆమె నిర్వహణను రాబర్ట్ క్లెబర్గ్ అనే యువ లాయర్‌కు అప్పగించింది. తర్వాత అతను అల్లుడయ్యాడు. నీళ్ళు లేని ఆ నేలలో 1899లో లోతైన బోరు వేయించి నీళ్ళు పైకి తెచ్చింది క్లెబర్గే. ఆస్తి మాత్రం 1925లో హెన్రియెట్టా చనిపోయేవరకు ఆమె చేతిలోనే ఉంది. (ఆ భూముల్లో కొన్ని ఎవరి దగ్గర నుంచి ఎలా వచ్చాయన్న వివాదం వేరే ఉంది. అదంతా గొప్ప కథ అని నేను అనడం లేదు.)

మనకు పనికొచ్చేది ఇది. కింగ్ తనకన్నా ఎక్కువ తెలిసినవాళ్ళకు పని అప్పజెప్పాడు. మనం చేసేది తరచుగా దీనికి ఉల్టా. పదిహేనేళ్ళు గల్ఫ్‌లో డ్రైవింగ్ చేసి వచ్చిన యజమాని, యూట్యూబ్‌లో పది వీడియోలు చూసి, పుట్టినప్పటి నుంచి గొర్రెల వెంట తిరిగిన కాపరికి మేపడం ఎలాగో చెప్తుంటాడు. ఆ కాపరి "సరే సేటూ" అని తల ఊపుతాడు. లోపల వేరే అనుకుంటాడు. నెల తిరిగేసరికి తనకు తెలిసింది చెప్పడం కూడా మానేస్తాడు. మీరు డబ్బిచ్చి తెచ్చుకున్న అనుభవం అక్కడితో పోయినట్టే.

ఈత సమయం: మాట కాదు, కొలత ఇవ్వాలి

మొదట చెప్పిన మేక సంగతికి వస్తే, ఆ రాత్రి కాపరికి కావాల్సింది మూడు విషయాలు. ఎప్పటిదాకా ఆగాలి, ఎవరిని పిలవాలి, ఎంతవరకు ఖర్చు పెట్టొచ్చు.

ఎప్పటిదాకా అన్నదానికి "కొంచెం సేపు చూడు" అంటే ఎవరి కొంచెం వాళ్ళది. ఉమ్మనీటి సంచి పగిలి, తల్లి గట్టిగా ముక్కుతూ అరగంట గడిచినా పిల్ల కనబడకపోతే డాక్టర్‌కు ఫోన్ వెళ్ళాలి. మామూలుగా ముందు రెండు కాళ్ళు, వాటి మీద ఆనించినట్టు మూతి వస్తాయి. ఒక్క కాలే వచ్చినా, తోక ముందు వచ్చినా, తల వచ్చి కాళ్ళు రాకపోయినా అరగంట కూడా ఆగొద్దు. ఇది కాపరికి తెలియని విషయం కాకపోవచ్చు. కానీ "ఇలా ఉంటే నన్ను అడగకుండా పిలువు" అన్న మాట మీ నోటి నుంచి రావాలి. తెలియడం వేరు, అనుమతి ఉండటం వేరు.

ఎవరిని అంటే, దగ్గరి పశువైద్యుడి నంబరు, ఆయన ఎత్తకపోతే ఇంకొకరి నంబరు షెడ్డు గోడ మీద పెయింట్‌తో పెద్ద అంకెల్లో రాయించండి. తెలంగాణలో, ఆంధ్రలో సంచార పశువైద్య వాహనాల కోసం 1962 టోల్‌ఫ్రీ నంబరు ఉంది, అది కూడా రాయించండి. నంబర్లు మీ ఫోన్‌లో మాత్రమే ఉంటే, మీరు పడుకున్నప్పుడు డాక్టర్ కూడా పడుకున్నట్టే.

ఖర్చు గురించి మనవాళ్ళు ఎక్కువ తడబడతారు. నా అభిప్రాయం సూటిగా చెప్తాను. ఒక చిన్న డబ్బాలో రెండు మూడు వేలు ఉంచి, దీన్ని జీవాల ప్రాణం కోసం నన్ను అడగకుండా ఖర్చు పెట్టు, చీటీ మాత్రం ఉంచు అని చెప్పండి. డబ్బు పోతుందేమో అన్న భయం సహజమే. ఒక మేక ధరతో ఆ డబ్బాను పోల్చి చూడండి, భయం ఎంతవరకు న్యాయమో తెలుస్తుంది. వారానికి ఒకసారి చీటీలు, డబ్బా కలిపి చూడండి. హిసాబ్ సరిపోతే అడగాల్సింది ఏమీ లేదు. సరిపోకపోతే ఆ రోజే, ఆ చీటీ గురించే మాట్లాడండి. ఆరు నెలల తర్వాత వేరే గొడవలో దాన్ని బయటికి తీయడం మాత్రం వద్దు.

పిల్ల పుట్టాక గంటలోపు ముర్రుపాలు తాగాలి. మొదటి 24 గంటల్లో దాని బరువులో పదో వంతు, అంటే రెండున్నర కిలోల పిల్లకు పావు లీటరు దాకా పాలు అందాలి. బొడ్డుకు టింక్చర్ అయోడిన్ రాయాలి. ఈ పని ఎవరిది? "అందరిదీ" అంటే ఎవరిదీ కాదు. కాపరి పగలంతా మేత మీద బయట ఉంటాడు. షెడ్డు దగ్గర ఉండేది అతని భార్యో, మీ ఇంటి ఆడవాళ్ళో. అయితే పిల్లల బాధ్యత పేరు పెట్టి వాళ్ళకే ఇవ్వండి.

కనురెప్ప లోపలి రంగు

చదువు లేని పనివాడికి ఇంత పెద్ద నిర్ణయం ఎలా ఇస్తాం అని కొందరు అడుగుతారు. దీనికి ఒక మంచి జవాబు దక్షిణాఫ్రికా నుంచి వచ్చింది.

గొర్రెల కడుపులో రక్తం పీల్చే నట్టలు ఉంటాయి. అవి ఎక్కువైతే జీవానికి రక్తం తగ్గి, దవడ కింద నీరు దిగి, చనిపోతుంది. మన దగ్గర అలవాటు ఏమిటంటే, తేదీ చూసుకుని మంద మొత్తానికి నట్టల మందు పట్టించడం. అవసరం లేనివాటికి కూడా మాటిమాటికి పట్టిస్తే నట్టలు ఆ మందుకు అలవాటు పడతాయి, కొన్నేళ్ళకు అది పనిచేయదు. దక్షిణాఫ్రికాలో 1990లలో ఈ సమస్య ముదిరినప్పుడు, ఫాఫా మలాన్ అనే పశువైద్యుడి ఆలోచనతో ఒక కార్డు తయారు చేశారు. దానికి ఆయన పేరు కలిసేలా ఫమాచా అని పేరు పెట్టారు. కింది కనురెప్పను లాగి చూస్తే లోపలి రంగు కనబడుతుంది. కార్డు మీద ఐదు రంగులు ఉంటాయి, ఎర్రటిది ఒకటో నంబరు, తెల్లగా పాలిపోయింది ఐదో నంబరు. ఒకటి, రెండు అయితే మందు అక్కర్లేదు. నాలుగు, ఐదు అయితే తప్పనిసరి. మూడు అయితే చూలుతో ఉందా, చిన్న పిల్లా, బక్కగా ఉందా చూసి నిర్ణయిస్తారు.

ఇందులో చదవడం లేదు, ల్యాబ్ లేదు. సంతకం చేయడం రాని కాపరి కూడా డాక్టర్ దగ్గర ఒక పూట నేర్చుకుంటే చూడగలడు. నిర్ణయాన్ని కంటికి కనిపించే కొలతగా మార్చి ఇచ్చారు, కాబట్టి అది అప్పజెప్పడానికి వీలైంది. (ఈ కార్డు రక్తం పీల్చే నట్టలకే. పారుతుంటే, దగ్గుతుంటే, వేరే నట్టలు ఉంటే డాక్టరే చూడాలి.)

జ్వరం కూడా అంతే. "వేడిగా ఉంది" అన్న మాట మీద ఫోన్‌లో ఏ డాక్టరూ ఏమీ చెప్పలేడు. థర్మామీటర్ వాడటం నేర్పండి. గొర్రెకు, మేకకు మామూలు వేడి సుమారు 102 నుంచి 103.5 డిగ్రీల ఫారన్‌హీట్. 104 దాటితే విడిగా కట్టి కబురు చెప్పాలి. మేత తినని జీవం, మంద వెనక పడే జీవం, ఎడమ డొక్క ఉబ్బిన జీవం, వీటిని పట్టుకోవడం కాపరికి మీకన్నా బాగా వచ్చు. పట్టుకున్నాక ఏం చేయాలన్నదే ముందుగా తేల్చి ఉంచాలి.

చచ్చిన జీవం కథ బయటికి రావాలి

ఇది చెప్పుకోవడానికి ఇబ్బందిగా ఉంటుంది కానీ చెప్పాలి. చాలా ఫామ్‌లలో జీవం చనిపోతే పనివాడు మొదట దాన్ని దాచాలని చూస్తాడు. ఎందుకంటే పోయినసారి నిజం చెప్పినప్పుడు జీతంలో కోశారు, లేదా పదిమంది ముందు తిట్టారు. ఈసారి తోడేలు ఎత్తుకుపోయింది అంటాడు, దొంగలు పడ్డారు అంటాడు. ఇంకొందరు చావబోతున్న జీవాన్ని గబగబా కోసి, తక్కువ ధరకు ఎవరికో అమ్మేస్తారు.

ఇందులో పోయేది ఒక్క జీవం డబ్బు కాదు. పారుడు రోగం మందలోకి వస్తే మొదటి చావు రోజునే తెలియాలి. మూడు దాచి నాలుగోది చెప్తే అప్పటికి సగం మందకు అంటుకుని ఉంటుంది. దొమ్మ రోగం ఇంకా ప్రమాదం, మనుషులకు కూడా వస్తుంది. హఠాత్తుగా చనిపోయి, ముక్కు నుంచో వెనక నుంచో నల్లటి రక్తం కారుతున్న జీవాన్ని కోయకూడదు, చర్మం తీయకూడదు, డాక్టర్ వచ్చేదాకా కుక్కలను దగ్గరికి రానివ్వకూడదు. కోసి తింటే కాపరి కుటుంబమే ముందు ఆసుపత్రి పాలవుతుంది. ఇది పనివాడి ఇష్టానికి వదిలే విషయం కాదు, పనిలో చేరిన మొదటి రోజే స్పష్టంగా చెప్పాలి. చచ్చిన జీవాన్ని హలాల్ అని ఎవరికైనా అంటగడితే మీ పేరు బజార్లో ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు.

అందుకని ఒక నియమం పెట్టుకోండి. చావు చెప్పినందుకు కోత లేదు, దాచినందుకు ఉంది. నిర్లక్ష్యం వల్ల పోయిందనిపిస్తే దాని గురించి మాట్లాడటం వేరు. కబురు తెచ్చినవాడి మీద అరిచే ఇంట్లోకి మాత్రం కబురు రాదు.

ఎందుకో చెప్పండి: బక్రీద్ జీవాల సంగతి

పని చెప్పేటప్పుడు కారణం చెప్పకపోవడం మన యజమానుల్లో పెద్ద లోటు. బక్రీద్ కోసం పెంచే పోతుల విషయంలో ఇది బాగా తెలుస్తుంది. కాపరికి మన మసాయిల్ తెలియవు, తెలియాల్సిన అవసరమూ అతనికి లేదు. "పోతులను కొట్లాడనీయకు" అంటే ఊఁ కొడతాడు. పోతులు కుమ్ముకోవడం అతను రోజూ చూసేదే, పట్టించుకోడు. పండగకు నెల ముందు మంచి పోతు కొమ్ము మొదలుకంటా విరిగి నెత్తురు కారుతుంది.

అదే ఇలా చెప్పి చూడండి. "అన్నా, మా పండగకు ఒంట్లో లోపం ఉన్న జీవం పనికిరాదు. కొమ్ము మొదట్లో విరిగినా, కన్ను పోయినా, బాగా కుంటినా, చెవి ఎక్కువ తెగినా కొనేవాడు వెనక్కి పోతాడు. ఈ పోతుకు వచ్చే ధర సగం పడిపోతుంది." అప్పుడు పోతులను విడివిడిగా కట్టాలన్న ఆలోచన అతనికే వస్తుంది. గుర్తు కోసం చెవి కోసే అలవాటు కూడా ఆపి, చిన్న ట్యాగు వేయమని అడుగుతాడు. మంచి ధర వస్తే జీవానికి ఇంత అని అతనికి ఇనాం ముందే మాట్లాడుకుంటే ఇంకా మేలు.

మేకకు ఏడాది నిండాలని, గొర్రె ఆరు నెలలు దాటి చూపుకు ఏడాది దానిలా ఉంటే సరిపోతుందని ఉలమాలు చెబుతారు. కొనేవాళ్ళు మాత్రం నోరు తెరిచి దో దాంత్ ఉన్నాయా అని చూస్తారు. కాబట్టి ఏ పిల్ల ఎప్పుడు పుట్టిందో రాసి ఉండాలి. పుట్టిన రోజు గోడ మీద బొగ్గుతో గీత గీయడం కాపరి పని, ట్యాగు నంబరు, తేదీ నోట్‌బుక్కులోకి ఎక్కించడం ఇంట్లో చదువుకున్న పిల్లల పని. పదో తరగతి అమ్మాయికి ఇది ఇచ్చి చూడండి, మీకన్నా శుభ్రంగా రాస్తుంది.

ఇక్కడ యజమాని తన దగ్గరే ఉంచుకోవాల్సిన పని కూడా ఒకటి ఉంది. బక్రీద్ ఏటా పది, పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. 2025లో జూన్ 7న వచ్చింది, 2028లో మే మొదటి వారానికి వస్తుంది. మేక చూలు 150 రోజులు. 2028 పండగకు ఏడాది నిండిన పోతులు కావాలంటే అవి 2027 ఏప్రిల్‌లోపు పుట్టాలి, అంటే 2026 నవంబర్ కల్లా మేకలు చూలు కట్టాలి. ఈ లెక్క కాపరి వేయడు, వేయమని అనడం కూడా న్యాయం కాదు. ఏ నెలలో పోతును మందలో వదలాలి, ఎన్ని జీవాలు అమ్మాలి, ఎవరికి ఎంత అప్పు ఇవ్వాలి, టీకాల పట్టిక ఏమిటి, ఇవి మీవి. వానలకు ముందు చిటుక రోగం టీకా వేశారా లేదా అన్నది పనివాడిని అడిగి తెలుసుకునే పరిస్థితి ఉందంటే, మీ పనిని అతని మీద వేసి మీరు అతని పని చేస్తున్నారన్నమాట.

ఇంట్లోవాళ్ళకు అప్పజెప్పడం ఇంకా కష్టం

బయటి మనిషితో జీతం ఎంత, సెలవు ఎప్పుడు అని మాట్లాడుకుంటాం. తమ్ముడితో, బావమరిదితో, కొడుకుతో మాట్లాడం. "మనింటి పనే కదా" అనుకుంటాం. అన్న దమ్మామ్ నుంచి డబ్బు పంపుతాడు, తమ్ముడు ఇక్కడ ఎండలో తిరుగుతాడు. రెండేళ్ళ తర్వాత లాభం వస్తే అన్నకు తన పెట్టుబడి గుర్తొస్తుంది, తమ్ముడికి తన రాత్రులు గుర్తొస్తాయి. నష్టం వస్తే ఇంకా చెడ్డది. మొదటి రోజే ఒక కాగితం మీద, తమ్ముడికి నెల జీతమా, లాభంలో వాటానా, రెండూనా అని రాసి, ఇద్దరి సంతకాలతో పెద్దవాళ్ళ దగ్గర పెట్టుకోవడం అవమానం కాదు. ఆ కాగితం లేక అన్నదమ్ములు ఈద్‌కు కూడా కలవని ఇళ్ళు మన ఊళ్ళలో ఉన్నాయి.

ఊళ్ళలో సగపాలుకు జీవాలు ఇచ్చే పద్ధతి కూడా ఉంది. తల్లి జీవాలు మీవి, మేపేది ఆయన, పుట్టిన పిల్లల్లో చెరి సగం. ఇందులో కాపరికి జీవం మీద మనసుంటుంది, పిల్ల బతికితే అతనికీ లాభం కాబట్టి. తల్లి చనిపోతే ఆ నష్టం ఎవరిది, మందుల ఖర్చు ఎవరిది, ముందు పుట్టిన మంచి పిల్లను ఎవరు ఎంచుకుంటారు అన్నది మాత్రం ముందే తేల్చుకోవాలి.

ఇంకో మాట. మన ఇళ్ళలో మేకల పని చాలావరకు అమ్మీలు, అత్తలే చేస్తున్నారు. పిల్లలకు పాలు పట్టేది, కుడితి పెట్టేది, ఏ మేక మేత తినలేదో ముందు గమనించేది వాళ్ళే. బేరం మాట్లాడేటప్పుడు, డాక్టర్‌తో మాట్లాడేటప్పుడు మాత్రం మగవాళ్ళు ముందుకొస్తారు. పనంతా వాళ్ళు చేస్తుంటే డాక్టర్‌తో ఫోన్, మందుల డబ్బా తాళం, పిల్లల లెక్క కూడా వాళ్ళ చేతిలో ఉండాలి. హెన్రియెట్టా కింగ్ నలభై ఏళ్ళు లక్షల ఎకరాలకు యజమానిగా ఉండగలిగినప్పుడు, అరవై మేకల నోట్‌బుక్కు మన అమ్మీకి బరువు కాదు.

అప్పజెప్పాక చేయి తీయడం

అసలు పరీక్ష ఇక్కడ ఉంది. పని ఇచ్చాక కూడా మనం పక్కన నిలబడి, గంప ఇలా కాదు అలా పట్టుకో అంటాం. కాపరి ఈ రోజు గుట్ట వైపు తోలుకెళ్తానంటే, కాదు చెరువు వైపు వెళ్ళు అంటాం. సాయంత్రం జీవాలు కడుపు నిండి వచ్చాయా లేదా అన్నది మీరు చూడాలి, ఏ దారిన వెళ్ళాడన్నది అతను చూసుకుంటాడు. అతను చేసిన పని మీ పద్ధతిలో లేకపోయినా ఫలితం సరిగ్గా ఉంటే ఊరుకోండి. ఇది చెప్పినంత తేలిక కాదు, నోరు దురద పెడుతుంది.

సీసీ కెమెరాలు పెట్టి గల్ఫ్ నుంచి రోజంతా చూసేవాళ్ళు ఉన్నారు. దొంగల భయానికి కెమెరా మంచిదే. కానీ "పదకొండున్నరకు ఎందుకు కూర్చున్నావ్" అని అక్కడి నుంచి ఫోన్ చేయడం పని అప్పజెప్పడం కాదు, దూరం నుంచి చేసే పెత్తనం. తెల్లవారుజామున నాలుగింటికి లేచిన మనిషి పదకొండున్నరకు కూర్చుంటాడు.

ఇద్దరు పనివాళ్ళు ఉన్నచోట భాష కూడా చూసుకోవాలి. ఇప్పుడు ఫామ్‌లలో ఒకరు ఊరి కాపరి, ఇంకొకరు బిహార్ నుంచో ఒడిశా నుంచో వచ్చిన కుర్రాడు ఉంటున్నారు. మనకు ఇక్కడ ఒక సౌకర్యం ఉంది, ఇంట్లో ఉర్దూ, బజార్లో తెలుగు, కాబట్టి ఇద్దరితోనూ మాట్లాడగలం. అదే చిక్కు కూడా. కాపరికి తెలుగులో ఒకటి, కుర్రాడికి హిందీలో ఇంకోటి, విడివిడిగా చెప్తాం. దాణా గది తాళం తనదేనని ఇద్దరూ అనుకుంటారు, లేదా ఎదుటివాడిదని ఇద్దరూ అనుకుంటారు. తలుపు తెరిచి ఉండి జీవాలు లోపలికి దూరి మక్క గింజలు మితిమీరి తింటే, కడుపులో పులుపెక్కి ఒక్క రాత్రిలో చనిపోతాయి. కాబట్టి ఇద్దరినీ ఎదురుగా నిలబెట్టి, రెండు భాషల్లో, తాళం ఎవరిదో పేరుతో చెప్పండి. చెప్పాక "అర్థమైందా" అని అడగొద్దు, దానికి అందరూ అవుననే అంటారు. "రేపు నువ్వేం చేస్తావో చెప్పు" అని అడగండి.

జీతం తేదీ తప్పకుండా ఇవ్వడం, నెలలో రెండు మూడు రోజులు సెలవు, జ్వరం వస్తే డాక్టర్ ఖర్చు, ఇవి వేరే విషయాలుగా కనిపిస్తాయి. పోయిన నెల జీతం బాకీ ఉన్నవాడికి అర్ధరాత్రి లేచి చూడమని ఏ మొహంతో చెప్తాం? కాపరి సెలవు మీద వెళ్తే అతని పని తెలిసిన రెండో మనిషి ఉండాలి, ప్రతి పనికీ. ఒక్కరికే తెలిసిన పని అప్పజెప్పిన పని కాదు, ఒక తల నుంచి ఇంకో తలకు మారిన పని మాత్రమే.

అంతా ఒకేసారి ఇవ్వక్కర్లేదు. మొదటి నెల మేత, నీళ్ళు, సాయంత్రం లెక్క. రెండో నెల కనురెప్ప చూడటం, జబ్బు జీవాలను విడిగా కట్టడం. ఈతల కాలం వచ్చేసరికి డబ్బా, డాక్టర్ నంబరు. తర్వాత ఒకసారి రెండు రోజులు ఊరికి వెళ్ళి, ఫోన్ చేయకుండా ఉండి చూడండి. తిరిగొచ్చాక జీవాలను లెక్కపెట్టే ముందు, ఈ రెండు రోజుల్లో నువ్వు ఏమేం నిర్ణయించావు అని కాపరిని అడగండి. ఏమీ లేదు సేటూ, నువ్వొచ్చేదాకా ఆపాను అంటే, ఏయే పనులు ఆపాడో రాసుకుని, వచ్చే నెల వాటి నుంచే మొదలుపెట్టండి.